రెండు రేవుల ఎదురుచూపు

ఓడలు రావడం మానేసిన రేవుకు రెండు దారులుంటాయి. ఓడల్ని మళ్లీ రప్పించుకోవడం ఒకటి, ఓడల ఊసు వదిలేసి ఆ చోట ఇంకేదో కట్టుకోవడం రెండోది. బందరు మొదటి దారిన నడుస్తోంది. ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరం రెండో దారి పట్టింది. మెర్సీ నది ఒడ్డున 1848లో తెరిచిన బ్రామ్లీ-మూర్ డాకును పూడ్చి, ఆ నగరపు ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్ 52 వేల పైచిలుకు సీట్లతో స్టేడియం కట్టుకుంది. 2025 ఆగస్టు 24న అందులో తొలి లీగ్ మ్యాచ్ ఆడింది. అక్కడ ఐరిష్ సముద్రం అడుగు నుంచి తోడి తెచ్చిన దాదాపు 5 లక్షల ఘనపు మీటర్ల ఇసుకను నీళ్లలో పోసి నేల చేశారు. ఇక్కడ బందరు పక్కనున్న తపసిపూడి ఒడ్డున ఇసుక తోడేసి, ఓడ పట్టేంత లోతుకు నీళ్లు తెస్తున్నారు. పనులు ఒకదానికొకటి తలకిందులు. వాటికోసం కళ్లు కాయలు కాచిన జనం మాత్రం చాలావరకు ఒకే తీరు. ఆ ‘చాలావరకు’ ఎంతవరకో తూచి చూడదగ్గ విషయం.

బందరు సంగతి మన పాఠకులకు కొత్తగా చెప్పేదేమీ లేదు. గోల్కొండ సుల్తానుల కాలంలో అది పేరుమోసిన రేవు. డచ్చివాళ్లు ముందొచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు దిగారు, తర్వాత ఫ్రెంచివాళ్లు. పెడన చుట్టుపక్కల అద్దకం గుడ్డలు ఇక్కడి నుంచే సముద్రం దాటాయి. అయితే రేవని పేరే గానీ పెద్ద ఓడ ఒడ్డుకు ఆనుకున్నది లేదు. సముద్రం మెరక కావడంతో మైళ్ల దూరాన లంగరు వేస్తే, పడవల మీద సరుకు ఒడ్డుకు చేరేది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన ఉప్పెన దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఊరు మళ్లీ లేచింది, ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టుకుంది, 1923లో ఆంధ్రా బ్యాంకుకు పురుడు పోసింది. రేవు మాత్రం లేవలేదు.

లివర్‌పూల్‌ను ముంచింది ఉప్పెన కాదు. ఓడలు పెరిగాయి, కంటైనర్లు వచ్చాయి, వ్యాపారం దిక్కు మార్చుకుంది. రాణి విక్టోరియా కాలపు డాకులు కొత్త ఓడలకు చాలలేదు. బందరును ఒక్క రాత్రి కూల్చగా, లివర్‌పూల్ కొన్ని దశాబ్దాల పాటు మెల్లగా కునారిల్లింది. ఈ రెండు ఊళ్లకూ పాత లెక్క ఒకటుంది. పత్తి లివర్‌పూల్ రేవులో దిగి, పక్కనున్న లాంకషైర్ మిల్లుల్లో గుడ్డయి, మన సంతల్లోకి వచ్చి మన నేతగాళ్ల, అద్దకంవాళ్ల నోటికాడి కూడు తీసింది. ఒక రేవు పొంగిన కాలంలో ఇంకో రేవు ఇంకింది. ఆ తర్వాత రెండూ ఒకే బెంచీ మీద చేరాయి.

ఎవర్టన్ క్లబ్ చరిత్ర కాస్త వివరించాలి. 1878లో ఒక చర్చి కుర్రాళ్లు మొదలుపెట్టిన జట్టు అది. తొలినాళ్లలో కొన్నేళ్లు ఆడింది ఆన్‌ఫీల్డ్ మైదానంలో. ఔను, ఇవాళ లివర్‌పూల్ క్లబ్ ఆడే ఆన్‌ఫీల్డే. 1892లో స్థలం యజమానితో అద్దె తగువొచ్చి ఎవర్టన్ బయటికి నడిచింది. స్టాన్లీ పార్కుకు అవతలి పక్కన గూడిసన్ పార్క్ కట్టుకుంది. ఖాళీ పడిన మైదానంలో ఆడించడానికి యజమాని కొత్త జట్టును పెట్టుకున్నాడు. దాని పేరే లివర్‌పూల్. పుట్టినచోటు ఒకటే, పొత్తు కుదరదు. ఒకే ఇంట్లో అన్నది నీలం చొక్కా, తమ్ముడిది ఎర్ర చొక్కా.

కృష్ణా జిల్లాలో ఈ సంగతి ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. నిమ్మకూరు ఎన్టీఆర్‌ది, రామాపురం ఏఎన్నార్‌ది. రెండూ పాత గుడివాడ తాలూకా పల్లెలే. గుడివాడ కాలేజీకి అక్కినేని పేరుంటే, స్టేడియానికి ఎన్టీఆర్ పేరుంది. ఊరే రెండు వాటాలు వేసి పంచినట్టుంటుంది. అభిమానం అంటే ఏమిటో, ఆ పేరున ఒక మనిషి ఎంత డబ్బు, ఎంత గొంతు, ఎంత నిద్ర పోగొట్టుకోగలడో ఈ నేలకు తెలిసినంతగా ఇంకో నేలకు తెలియదు. అందుకే ఎవర్టన్ అభిమాని కథ వినగానే మనవాళ్లకు సినిమా హాలు గుర్తొస్తుంది. కాగితాల వాన, కొబ్బరికాయలు, తొలి ఆట టికెట్టు కోసం తెల్లవారుజాము క్యూ.

ఆ పోలిక కొంతదూరం నడుస్తుంది, ఆ తర్వాత నిలబడిపోతుంది. సినిమా అభిమానికి మనిషి ముఖ్యం, చోటు కాదు. హాలు పడగొట్టి కల్యాణ మండపం కడితే నిట్టూర్చి పక్క హాలుకు పోతాడు, తెర మీద తన హీరో ఉంటే చాలు. ఫుట్‌బాల్ అభిమానికి ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది. ఆటగాళ్లు రెండు మూడేళ్లకే ఇంకో క్లబ్బుకు పోతారు, కోచ్‌లను తీసేస్తారు, యజమానులు అమ్ముకుపోతారు. మిగిలేది చొక్కా రంగు, మైదానం. కాబట్టి కొత్త స్టేడియం వాళ్లకు కొత్త హాలు ప్రారంభం లాంటిది కాదు, తాతలనాటి ఇల్లు విడిచి చేసే గృహప్రవేశం. అలాగే బందరు మనిషికి కూడా రేవంటే ఒక కంపెనీ కాదు, ఒక ముఖ్యమంత్రీ కాదు. తన ఊరికి పూర్వం ఉండి ఇప్పుడు లేకుండా పోయిన హోదా. మన సినిమా అభిమాని కన్నా మన బందరు మనిషే ఎవర్టన్ అభిమానికి దగ్గరి చుట్టం.

ఆ చుట్టరికం మొదట కనిపించేది భంగపాట్లలో. ఎవర్టన్‌వాళ్లు గూడిసన్ ఇరుకైపోయిందని గుర్తించి చాలాకాలమైంది. కొన్ని సీట్లలో కూర్చుంటే ఎదురుగా ఇనుప స్తంభం, గోలు పడిందో లేదో పక్కవాడి కేకను బట్టి తెలుసుకోవాలి. నది ఒడ్డునే కింగ్స్ డాకులో కడతామన్న మొదటి పథకం డబ్బు కుదరక 2003లో కూలింది. ఊరి బయట కిర్క్‌బీలో కడతామన్న రెండోదాన్ని 2009లో ప్రభుత్వం కాదంది. చివరికి కుదిరింది బ్రామ్లీ-మూర్. అనుమతులు 2021లో వచ్చాయి, ఆ ఏడే పని మొదలైంది.

బందరుదీ అలాంటి నాటకమే, మూడు అంకాలు. 2008 ఏప్రిల్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేశారు. ఏడాది తిరక్కముందే పని దక్కించుకున్న కూటమిలోని ప్రధాన సంస్థ సంక్షోభంలో పడింది, పని చేతులు మారింది. 2019 ఫిబ్రవరిలో చంద్రబాబు నాయుడు పనులు ప్రారంభించారు, ఆ మేలో ప్రభుత్వం మారి, ఆగస్టులో ఒప్పందం రద్దయింది. 2023 మే 22న జగన్మోహన్‌రెడ్డి తపసిపూడిలో మళ్లీ పూజ చేశారు. నాలుగు బెర్తులు, 5,156 కోట్ల రూపాయల అంచనా. ముగ్గురు ముఖ్యమంత్రులు, మూడు పార్టీలు, ఒకే సముద్రం. మూడుసార్లూ జనం వచ్చారు, మూడుసార్లూ చప్పట్లు కొట్టారు. ఇంటికెళ్తూ ‘చూద్దాం’ అనుకున్నారు.

ఆ ‘చూద్దాం’లో సగం నమ్మకం, సగం వెటకారం. కోనేరు సెంటర్‌లో ఎవరైనా ‘‘బాబాయ్, పోర్టు ఎప్పుడంటావ్?’’ అని అడిగితే ‘‘నీ మనవడి పెళ్లికి ఓడలోనే వెళదాంలేరా’’ అన్న జవాబు రావడానికి క్షణం పట్టదు. బెర్తు కట్టకముందే చుట్టుపక్కల భూముల ధర పెరగడం, పరిశ్రమల పేర్లు వినబడడం చూసినవాళ్లు ‘ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం’ అని నవ్వుకున్నారు. అలా నవ్వినవాళ్లే రేవు తరలిపోతుందన్న మాట వినబడితే రిలే దీక్షల టెంటు కింద కూర్చున్నారు. ఎవర్టన్‌వాళ్లకు కూడా ఈ విద్య వచ్చు. చివరిగా పెద్ద కప్పు గెలిచింది 1995లో. అంతకాలం ఖాళీ చేతులతో ఇంటికి పోయినవాడికి ఎకసెక్కం తప్ప ఇంకేం మిగులుతుంది? వెటకారాన్ని నిరాశ అనుకునేవాళ్లు ఈ రెండు ఊళ్లనూ అర్థం చేసుకోలేదు. కోరికను ఎక్కువకాలం పాడవకుండా ఉంచాలంటే దానికి ఆ ఉప్పు రాయాల్సిందే.

అయితే ఎదురుచూసే పద్ధతిలో తేడా ఉంది. ఎవర్టన్ అభిమాని ఎదురుచూపుకు ఒక క్యాలెండరుంది. నెలనెలా డ్రోన్ వీడియోలు, ఈ వారం ఏ స్టాండుకు ఉక్కు దూలాలు ఎక్కాయి, ఏ మూల ఇటుక మొదలైంది అన్న చర్చ. 2025 ఫిబ్రవరి 17న 10 వేల మందిని మాత్రం లోపలికి రానిచ్చి అండర్-18 కుర్రాళ్లతో పరీక్ష మ్యాచ్ ఆడించారు. ఎవర్టన్ కుర్రాళ్లు విగాన్ చేతిలో ఓడిపోయారు. జనానికి అది పట్టలేదు. కొళాయిల్లో నీళ్లొస్తున్నాయా, గేట్ల దగ్గర తోపులాటుందా, దక్షిణం వైపున్న 13 వేల సీట్ల ఒంటి స్టాండు నుంచి అరుపు ఎలా వినబడుతోంది అన్నవే ఆనాటి స్కోరు. ఇదంతా సుఖంగా సాగిందని కాదు. 2023-24 సీజనులో ఖర్చుల నిబంధన మీరారని లీగ్ ఎవర్టన్‌కు 10 పాయింట్లు కోసింది, అప్పీలుమీద ఆరుకు తగ్గించి, తర్వాత ఇంకో రెండు కోసింది. స్టేడియం కోసం తెచ్చిన అప్పుల వడ్డీ కూడా ఆ వివాదంలో నలిగింది. అంటే కొత్త మైదానం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, ఆ మైదానంలో అడుగుపెట్టేసరికి జట్టు కింది డివిజన్‌కు జారిపోతుందేమోనన్న భయంతోనే ఎదురుచూశారు.

బందరు ఎదురుచూపుకు అలాంటి తారీఖులు లేవు, ఎన్నికలున్నాయి. అయినా పని నిజంగా మొదలయ్యాక ఇక్కడివాళ్లు కూడా ఎవర్టన్‌వాళ్లలాగే మారిపోయారు. మంగినపూడి బీచికి వెళ్లినవాళ్లు అటువైపు ఓ చూపు వేస్తారు. రాళ్ల లారీలు వరసకట్టి అలల అడ్డుగోడ మీద లోపలికంటా వెళ్లడం ఫోనులో తీసి బంధువులకు పంపుతారు. యూట్యూబ్‌లో బందరు పోర్టు డ్రోన్ వీడియోలు కూడా తక్కువేం కాదు, వాటికింద గడువు గురించి కీచులాటలూ తక్కువ కాదు. రాయి కంటికి కనిపించాక వెటకారం తనంతట తనే గొంతు తగ్గిస్తుంది. అది మెర్సీ ఒడ్డునైనా అంతే, కృష్ణ చివరనైనా అంతే.

ఇక పోగొట్టుకునేదాని మాట. ఇక్కడ రెండు దారులు విడిపోతాయి. ఎవర్టన్ అభిమాని కొత్తదాని కోసం పాతదాన్ని వదులుకోవాలి. గూడిసన్ మైదానం అంచున 800 మందికి పైగా అభిమానుల చితాభస్మం ఉంది. ఇంక చోటు లేక 2004లో క్లబ్ ఆ ఏర్పాటు ఆపేసింది. ఆ క్లబ్ మహా ఆటగాడు డిక్సీ డీన్ 1980లో అక్కడే మ్యాచ్ చూస్తూ ప్రాణం విడిచాడు. 2025 మే 18న పురుషుల జట్టు ఆడిన చివరి మ్యాచికి టికెట్టు దొరకనివాళ్లు కూడా వచ్చి బయట వీధుల్లో నిలబడ్డారు. పడగొడతారనుకున్న గూడిసన్‌ను చివరికి మహిళల జట్టుకు ఇవ్వడంతో ఆ దుఃఖం కొంత తేలికైంది. కాగా చుట్టుపక్కల పబ్బులకు, చిల్లర దుకాణాలకు శనివారపు బేరం పోయింది.

బందరు మనిషి ఏదీ విడిచిపెట్టి వెళ్లడం లేదు, పోయినదాన్ని తిరిగి తెచ్చుకుంటున్నాడు. అందుకే ఊళ్లో ఈ కబురు వినబడితే కన్నీళ్లుండవు. కానీ ఊరంతా ఒకటే అనుకుంటే పొరపాటు. 2015, 2016ల్లో రేవు పేర, పరిశ్రమల పేర వేల ఎకరాలకు నోటీసులొచ్చినప్పుడు పొలాలవాళ్లు ఎదురు తిరిగారు. గిలకలదిండి మత్స్యకారుడికి కొత్త రేవంటే పనీ కావచ్చు, వల వేసే చోటు పోవడమూ కావచ్చు. బ్రామ్లీ-మూర్ పూడ్చేముందు నీళ్లలోని చేపల్ని పట్టి పక్క డాకులో వదిలారు. చేపకు చూపించినంత శ్రద్ధ చేపలు పట్టేవాడికి చూపించాలని కోరడం అత్యాశ కాదు.

పాత రాళ్ల పట్ల రెండు ఊళ్ల తీరూ చూడదగ్గదే. లివర్‌పూల్‌వాళ్లు డాకు గోడలను దాచుకున్నారు, పాత హైడ్రాలిక్ టవరును స్టేడియం పక్కన నిలబెట్టుకున్నారు, గూడిసన్ స్టాండు మీద ఉండే అడ్డదిడ్డపు ఇనుప అల్లికను కొత్త ఇటుక గోడల్లోకి నమూనాగా తెచ్చుకున్నారు. ఇంత చేసినా, ఈ స్టేడియం కూడా ఒక కారణమై, 2021 జులైలో యునెస్కో ఆ రేవు ప్రాంతాన్ని ప్రపంచ వారసత్వ జాబితా నుంచి తీసేసింది. నగరం పెద్దగా విచారపడలేదు. బందరులో డచ్చివాళ్ల సమాధులున్నాయి, బందరుకోటలో పాత కట్టడం శిథిలంగా నిలబడి ఉంది. వాటిని యునెస్కో జాబితాలోంచి తీసేసే ప్రమాదం లేదు, ఎక్కించినవాళ్లు లేరు గనక. ఒకరు బిరుదు పోయినా గోడ నిలుపుకున్నారు. ఇంకొకరికి గోడ మిగిలింది గానీ దాన్ని తమ కథలో ఎక్కడ పెట్టుకోవాలో ఇంకా తేల్చుకోలేదు.

ఇంతకంటే లోతైన తేడా ఒక రాతి దగ్గర తెలుస్తుంది. కొత్త స్టేడియం ముంగిట ‘ఎవర్టన్ వే’ అని ఒక చోటుంది. నడిచే దారిలో పరిచిన రాళ్లమీద అభిమానుల పేర్లు చెక్కి ఉన్నాయి. డబ్బు కట్టి చెక్కించుకున్నవే, క్లబ్ ఊరికే ఇవ్వలేదు. అయినా వాటిలో కొన్ని తాతలవి, కొన్ని కొత్త స్టేడియం చూడకుండానే పోయినవాళ్లవి. మ్యాచికి వచ్చినవాడు తలవంచి పేరు వెతుక్కుంటాడు, దొరికాక ఫొటో తీసుకుంటాడు. శంకుస్థాపన రాయి మనకూ తెలుసు. నల్ల గ్రానైటు మీద బంగారు రంగు అక్షరాలు, పైన ముఖ్యమంత్రి, కింద మంత్రులు, ఎంపీ, ఎమ్మెల్యే, ఆ కింద ‘గౌరవనీయులైన’ మరికొందరు, అన్నిటికన్నా దిగువన కలెక్టరు. పదిహేనేళ్లు ఎదురుచూసిన ఊరి పేరు చిరునామా వరసలో మాత్రం ఉంటుంది. అక్కడ అభిమాని రాయి కొనుక్కున్నాడు, ఇక్కడ రాయి ఓట్లు కొనుక్కుంటుంది. రెండిట్లోనూ బేరం ఉంది. పేరు ఎవరిదన్నదే తేడా.

సముద్రం ఒడ్డున ఎదురుచూపు ఇంకా ఎంత చిన్నదిగా, ఎంత గట్టిగా ఉండగలదో తెలియాలంటే బందరు నుంచి దక్షిణంగా దివిసీమకు దిగాలి. 1977 నవంబరు 19 ఉప్పెనలో 10 వేల మందికి పైగా పోయిన నేల అది. పులిగడ్డ-పెనుమూడి వంతెన వచ్చేదాకా కృష్ణ అవతలికి పడవే దిక్కు. నాగాయలంక దగ్గర ఎదురుమొండి దీవివాళ్లు వంతెన కోసం ఎన్నాళ్లుగానో అడుగుతున్నారు. వాళ్ల ఎదురుచూపులో వైభవం లేదు. పురిటి నొప్పులొచ్చిన కూతుర్ని చీకటి పడ్డాక ఏరు దాటించడమెలా అన్నదే అందులో ఉంది. బందరు-రేపల్లె రైలు మార్గమూ ఆ వరసలోదే, తరాలు మారినా అర్జీలోనే ఉంది. వీటి పక్కన నిలబెడితే ఎవర్టన్ ఎదురుచూపు విలాసంలా తోస్తుంది. అలా తోసేయడం తేలిక గానీ న్యాయం కాదు. ఆట కోసం ఎదురుచూసేవాడు అన్నం కోసం ఎదురుచూసేవాడికన్నా అదృష్టవంతుడు, అంతే. వాడి ప్రేమ తక్కువరకం కాదు.

ఎదురుచూపుకు హామీ ఏదీ లేదని తెలుసుకోవడానికి మన తెలుగువాళ్లకు వేరే దేశం అక్కర్లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. ఫుట్‌బాల్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కాలపు వైభవం మళ్లీ వచ్చిందని పాతబస్తీ ఫుట్‌బాల్ పెద్దలు మురిశారు. మూడేళ్లకే ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మార్చుకుంది. గచ్చిబౌలిలో స్టేడియం మిగిలింది. మైదానం ఉంటే సరిపోదు, దాన్ని తనదనుకునే జట్టు ఉండాలి. అలాగే బెర్తులుంటే రేవు అయిపోదు, దాన్ని తనదనుకోవడానికి ఊరికి కారణం కావాలి.

రెండు దారులూ కలిసేది ఇక్కడే. ఎవర్టన్ తొలి లీగ్ మ్యాచిలో బ్రైటన్‌ను 2-0తో గెలిచింది. మొదటి గోలు కొట్టింది ఇలిమాన్ ఎన్‌జాయ్, గూడిసన్ చివరి మ్యాచిలో రెండు గోల్స్ కొట్టిందీ అతనే. 1892లో గూడిసన్ తెరిచిందీ ఆగస్టు 24నే. ఇంత చక్కగా కుదిరిన కథకు నిజానికి ఆ గెలుపు అక్కర్లేదు. ఓడిపోయినా జనం మళ్లీ శనివారం వచ్చేవాళ్లు, ఎందుకంటే స్టేడియానికి ఓడిపోయే హక్కుంది. రేవుకు ఆ హక్కు లేదు. సరుకు రాకపోతే, రైలు అందకపోతే, ఆ చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లకు పని దొరక్కపోతే, అలల అడ్డుగోడను చూడడానికి రెండోసారి ఎవరూ రారు. అందుకే ఎవర్టన్‌వాళ్ల ఎదురుచూపు తొలి ఈల మోగిన క్షణాన తీరిపోయింది, బందరువాళ్లది తొలి ఓడ వచ్చిన రోజున కూడా తీరదు. అది రూపు మార్చుకుని నిఘా అవుతుంది, కావాలి కూడా. ఇన్నేళ్లు ‘ఎప్పుడు’ అని అడిగిన ఊరు, ఇకమీదట ‘ఎవరికి’ అని అడగడం నేర్చుకోవాలి. ప్రారంభోత్సవం నాడు వేదిక మీద ఎవరు కూర్చున్నారన్నది ఒక్కరోజు వార్త. అయిదేళ్ల తర్వాత రేవు గేటు లోపల జీతానికి సంతకం పెట్టేవాళ్లలో కరగ్రహారం, తపసిపూడి, గిలకలదిండి పేర్లు ఎన్ని ఉంటాయన్నదే బందరు స్కోరు.